పొలానికి పోతుంటే హెల్మెట్ చలానా, పైగా తాళం గుంజుకున్నారు. ఇది చట్టమేనా?

ఏపీ24_పాతబండి
నిన్న పొద్దున మోటరు పెట్టడానికి బావి కాడికి పోతున్నా. మా ఊరి నుంచి పొలానికి పోవాలంటే తార్రోడ్డు మీద ఒక అర కిలోమీటరు పోయి మళ్లీ డొంకలోకి దిగాలి. సరిగ్గా ఆ అర కిలోమీటరులోనే చింతచెట్టు చాటుకు ముగ్గురు నిలబడ్డారు. నా మెడలో తువ్వాల, హ్యాండిలుకు సద్ది డబ్బా, వెనక యూరియా బస్తా. హెల్మెట్ లేదు, నిజమే. ఆపగానే ఒకాయన మాటా పలుకూ లేకుండా చెయ్యి పెట్టి తాళం గుంజుకున్నాడు. మిషన్‌లో నంబరు కొట్టి, పాత చలానాలు పెండింగ్ ఉన్నాయి, అన్నీ కడితేనే తాళం అన్నాడు. అందులో ఒకటి సిటీలో రాంగ్ రూట్ అట. ఫొటో తీసి చూపిస్తే అందులో ఉన్నది స్కూటీ, నాది స్ప్లెండర్. 'అది మాకు సంబంధం లేదు, ఆన్‌లైన్‌లో చూసుకో' అన్నాడు. నా ఫోన్ డబ్బా ఫోన్, ఆన్‌లైన్ యాడిది? తమ్ముడు వచ్చి పైసలు కట్టేదాకా ఎండలో నిలబెట్టారు. ఇది కూడా తమ్ముని ఫోన్ల నుంచే రాస్తున్నా.

నాకు తెలియక అడుగుతున్నా. తల నాది, పగిలితే నాదే పగులుతది. మధ్యలో సర్కారుకు ఏం నొప్పి? సరే చట్టం ఉంది అనుకుందాం, తాళం గుంజుకోమని ఏ చట్టంలో ఉంది?

స్కూటీ_టీచరమ్మ
ముందు ఆ యూరియా బస్తా యాడ దొరికిందో చెప్పు అన్నా, హెల్మెట్ ముచ్చట తర్వాత.

పానగల్లు_పోరడు
😂😂 అక్క అసలు పాయింట్ పట్టింది

బత్తాయి_రైతు
మా దిక్కు కూడా అంతే. పట్నం రోడ్డు మీద రయ్యిమని పోయే కార్లను ఒక్కటి ఆపరు. పొద్దున కూరగాయల మూటలతో సంతకు పోయేటోడు, పాలక్యాన్ల మీద పోయేటోడు, వీళ్లే కనబడతారు. ఆగుతారు కాబట్టి ఆపుతారు. వందకు మీద పోయే కారును ఆపాలంటే ప్రాణాల మీదికి వస్తుంది మరి.

క్యాజువాల్టీ_సిస్టర్
తాళం సంగతి నాకు తెలియదు, దాని గురించి మీరు ఏమైనా అనుకోండి. కానీ 'తల నాది' అన్న మాట దగ్గర నేను ఊరుకోను. నేను నైట్ డ్యూటీ చేసే నర్సును. మాకు వచ్చే తల దెబ్బల్లో హైవే మీద లారీ గుద్దినవి అన్నీ కావు. చాలావరకు ఇట్లాంటి అర కిలోమీటర్లే. కుక్క అడ్డం వచ్చింది, పంది అడ్డం వచ్చింది, ఎదురు లైటు కళ్లల్లో పడింది, స్పీడ్ బ్రేకర్ కనబడలేదు. పైకి చూస్తే చిన్న గీత కూడా ఉండదు. మనిషి మాట్లాడుతుంటాడు, నీళ్లు అడుగుతాడు, నాకేం కాలేదు ఇంటికి పోతా అంటాడు. గంట అయ్యాక వాంతి చేసుకుంటాడు, ఒక కంటిపాప పెద్దది అవుతుంది, అప్పుడు మాకు తెలుస్తుంది లోపల రక్తం గడ్డ కట్టిందని. న్యూరో సర్జన్ కోసం హైదరాబాద్ పంపాలి. 108లో ఎక్కించాక ఆయన భార్య ఏం చేస్తుందో తెలుసా? ఆధార్ కార్డు, రేషన్ కార్డు ఇంట్లో ఏ డబ్బాలో ఉన్నాయో పదేళ్ల కొడుక్కి ఫోన్లో చెప్తుంటుంది. ఆరోగ్యశ్రీ కోసం. తల మీ ఒక్కరిదే అయితే ఆమెకెందుకు ఆ తిప్పలు?

2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది అని కేంద్రం లెక్క. అందులో హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది. నేను చెప్పేది మా వార్డు ముచ్చట, ఇది దేశం ముచ్చట. రెండూ ఒక్క తీరుగనే ఉన్నాయి.

పిల్లలమర్రి_నీడ
సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం. కానీ అది హెల్మెట్ పెట్టుకోవాలి అనడానికి కారణం. పెట్టుకోనోని జేబులో చెయ్యి పెట్టాలి అనడానికి కారణం కాదు. బీడీ తాగితే క్యాన్సర్ వస్తుంది, ఆ భార్య కూడా అట్లనే కార్డుల కోసం తిరుగుతుంది. ఇంట్లో కూర్చొని తాగేటోనికి చలానా వేస్తున్నారా? సర్కారే మందు అమ్ముతుంది, ఆ ఆదాయంతోనే నడుస్తుంది. నా ప్రాణం మీద అంత ప్రేమ ఉంటే అక్కడి నుంచి మొదలుపెట్టమనండి.

పానగల్లు_పోరడు
బెల్టు షాపు ముందర హెల్మెట్ చెకింగ్ పెడితే ఎట్లుంటది అన్నా

హోంగార్డు_కొడుకు
అందరూ తిట్టేటోళ్లే గనుక నేనొకటి చెప్తా. మా నాన్న ఇరవై ఏండ్లకు పైగా రోడ్డు మీద నిలబడ్డాడు. మే నెల ఎండ, డాంబరు కాలే వేడి, చెవుల్లో హారన్లు, మంచినీళ్లు కూడా తోటి దుకాణం వాళ్లు ఇస్తేనే. తాళం ఎందుకు తీస్తారని అడుగుతున్నారు. తీయకపోతే ఏం జరుగుతుందో చెప్తా. ఆపినట్టే ఆపి, మనిషి పక్కకు రాగానే యాక్సిలేటర్ తిప్పి గుద్దుకుంటూ పోతారు. మా నాన్న కాలు అట్లనే విరిగింది. తర్వాత ఆ బండి నంబరు ప్లేటు చూద్దామంటే సగం వంచి ఉంది. కాబట్టి తాళం మీద చెయ్యి పడటం చట్టంలో లేకపోవచ్చు, భయంలో ఉంది.

చాటుకు నిలబడటం గురించి మాత్రం నేను కూడా వెనకేసుకురాను. అది పై నుంచి వచ్చే ఒత్తిడి. రోజుకు ఇన్ని కేసులు చూపించాలి అంటారు. చౌరస్తాలో నిలబడితే అందరూ దూరం నుంచే చూసి వెనక్కి తిరుగుతారు, కేసులు రావు.

బత్తాయి_రైతు
అదే కదా లొల్లి తమ్మీ. చూసి హెల్మెట్ పెట్టుకుంటే పని అయినట్టే కదా? కేసు రాకపోతే నష్టం ఎవరికి?

లా_చదివినోడు
ప్రాక్టీస్ చేస్తున్నా, జిల్లా కోర్టులో. కలగాపులగం అవుతుంది కాబట్టి విడదీసి చెప్తా, కొంచెం పొడుగు అవుతుంది.

హెల్మెట్: మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 129. 'పబ్లిక్ ప్లేస్'లో బండి మీద ఉన్న నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ తప్పనిసరి, తలపాగా ఉన్న సిక్కులకు మినహాయింపు. డొంక పబ్లిక్ ప్లేసా అంటారేమో, జనం పోవడానికి హక్కున్న తొవ్వ ఏదైనా పబ్లిక్ ప్లేసే. కాబట్టి పాతబండి అన్నకు అక్కడ తప్పించుకునే దారి లేదు. 2019 సవరణలో దీనికి వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్స్ రద్దు పెట్టారు. మన తెలంగాణ రాష్ట్రం ఆ పెంచిన రేట్లను అమలు చేయలేదు, పాత రేట్లే నడిచాయి, అందుకే వందల్లో కడుతున్నాం. మీద ఆ 35 రూపాయల యూజర్ చార్జీలు వేరు.

'తల నాది' వాదన: ఇది కొత్తది కాదు, మన దగ్గర నుంచే సుప్రీంకోర్టు దాకా పోయింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నిబంధనల్లో 498-ఎ అని హెల్మెట్ రూల్ ఉండేది. అది నా స్వేచ్ఛకు, తిరిగే హక్కుకు అడ్డం అని కేసు వేస్తే 1988లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అజయ్ కానూ కేసు అంటారు. మనిషి ప్రాణం కాపాడటానికి పెట్టిన రూల్ తిరిగే హక్కును అడ్డుకోదు అన్నది దాని సారం. మీకు నచ్చకపోవచ్చు, కానీ ఆ తలుపు మూసుకుపోయి చాలా ఏండ్లయింది.

తాళం: యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్స్ చూపించాలి, సెక్షన్ 130. లైసెన్స్ లేకున్నా, రిజిస్ట్రేషన్ లేకున్నా, పర్మిట్ లేకున్నా బండి ఆపి పెట్టుకోవచ్చు, సెక్షన్ 207. హెల్మెట్ లేదని, పాత చలానాలు ఉన్నాయని తాళం తీసుకోమని ఆ చట్టంలో ఎక్కడా లేదు. తాగి నడిపిన కేసుల్లోనే 2021లో మన హైకోర్టు చెప్పింది, బండి సీజ్ చేసి పెట్టుకోవద్దు, తాగని మనిషిని పిలిపించి అప్పగించండి అని. తాగినోని బండే ఇవ్వాలంటే, తువ్వాల కట్టుకున్న రైతు బండి సంగతి చెప్పాల్నా?

చలానా అంటే శిక్ష కూడా కాదు. రాజీ. నేను తప్పు చేశాను, కోర్టుకు పోను, ఈ పైసలు తీసుకొని వదిలేయండి అనడం. సెక్షన్ 200. రాజీ అనేది ఇష్టం ఉంటేనే. కోర్టుకు పోతా అనే హక్కు మీకు ఎప్పుడూ ఉంటుంది. ఎండలో నిలబెట్టి కట్టించుకునేదాన్ని రాజీ అంటారా అని నన్ను అడగకండి.

స్కూటీ_టీచరమ్మ
సార్, మరి ఆ స్కూటీ ఫొటో సంగతి? నాకూ ఒకసారి ఇట్లనే వచ్చింది. నేను క్లాసులో ఉన్న టైంకు వేరే జిల్లాలో ట్రిపుల్ రైడింగ్ అట. 3 ను 8 గా చదివినట్టున్నారు.

లా_చదివినోడు
ఈ-చలాన్ సైట్లోనే ఫిర్యాదు పెట్టే చోటు ఉంటుంది మేడమ్, ఫొటో, ఆర్సీ జత చేసి పంపాలి. ఇంకొకటి, కెమెరాలతో వేసే చలానాలకు కేంద్ర నిబంధన 167-ఎ ఉంది, 2021లో వచ్చింది. కెమెరాకు ఆమోద ధ్రువపత్రం ఉండాలి, ఇక్కడ కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి, తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు రావాలి. పోలీసన్న చేతిలో ఉన్న ఫోన్ ఆ కెమెరాల లెక్కలోకి వస్తుందా రాదా అన్నదే వాదన.

పానగల్లు_పోరడు
15 రోజుల్లో నోటీసా?? నాకు మూడేండ్ల కిందటివి మొన్న కనబడ్డాయి, అదీ బండి అమ్ముదామని చూస్తే

పాలమూరు_డ్రైవరన్న
నేను 44 నంబరు హైవే మీద డీసీఎం లారీ నడుపుతా, జడ్చర్ల నుంచి అలంపూర్ చౌరస్తా దాకా ప్రతి గుంత పేరు పెట్టి పిలవగలను. మీ హెల్మెట్ లొల్లి చూస్తుంటే నవ్వు వస్తుంది. నా భయం హెల్మెట్ లేనోడు కాదు. నా భయం రాత్రి పూట వెనక లైటు లేకుండా వడ్లు నింపుకొని పోయే ట్రాక్టర్. యూటర్న్ దూరమని రెండు కిలోమీటర్లు రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు, మీద భార్య, మధ్యలో ఇద్దరు పిల్లలు. నేను కొడితే నేను జైలుకు, వాళ్లు మట్టికి. పాలెం దగ్గర 2013లో బస్సు కాలి 45 మంది పోయిన జాగ మీదుగా వారానికి రెండు మూడుసార్లు పోతా. ఆ పక్క నుంచి కూడా రాంగ్ రూట్‌లో వస్తుంటారు, ఫోన్ మాట్లాడుకుంటూ. వాళ్లను పట్టండి, దండం పెడతా. వాళ్ల దగ్గర స్వేచ్ఛ అంటే నేను ఒప్పుకోను, ఎందుకంటే అక్కడ పగిలేది వాళ్ల తల మాత్రమే కాదు.

పిల్లలమర్రి_నీడ
చూశారా, డ్రైవరన్న ఒక్క ముక్కలో గీత గీశాడు. పక్కోనికి దెబ్బ తగిలేది ఒక రకం, నాకే తగిలేది ఇంకో రకం. తాగి నడపడం, రాంగ్ రూట్, లైటు లేని ట్రాక్టర్, వీటికి ఎంత జరిమానా వేసినా నేను చప్పట్లు కొడతా. మొదటి రకం పట్టుకోవడం కష్టం. అందుకే రెండో రకం దగ్గర నిలబడతారు.

క్యాజువాల్టీ_సిస్టర్
గీత గీయడం కాగితం మీద బాగుంటుంది. హెల్మెట్ లేనోడు పడితే 108 అతని కోసం పోతుంది, అదే టైంకు ఇంకో ఊళ్లో కాన్పు నొప్పులు. ఐసీయూలో ఒక్క బెడ్డే ఖాళీ ఉంటుంది. ఇవి కూడా పక్కోనికి తగిలే దెబ్బలే. మీరు చూడరు అంతే.

బత్తాయి_రైతు
సిస్టర్ మాట కూడా సబబే. అదంతా కాదు గానీ వడ్ల ట్రాక్టర్ అన్నావు కాబట్టి ఒకటి. కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసేది మనమే, కుప్ప చుట్టూ బండరాళ్లు పెట్టేది మనమే, వడ్లు ఎత్తుకున్నాక రాళ్లు అక్కడే వదిలేసేది కూడా మనమే. రాత్రి ఆ రాయి ఎక్కి పడ్డోడు ఎవని మీద కేసు పెట్టాలి? కల్లాలు సరిపోవు, మాకేం సరదానా రోడ్డు మీద పోయడానికి. కానీ రాళ్లు తీయడానికి సర్కారు పథకం అక్కర్లేదు కదా.

ఏపీ24_పాతబండి
బత్తాయన్నా నువ్వు నా దిక్కా వాళ్ల దిక్కా 😅

బత్తాయి_రైతు
రోడ్డు దిక్కు

దేవరకొండ_కోడలు
అందరూ మగవాళ్ల తలల గురించే మాట్లాడుతున్నారు. కూలీలను ట్రాక్టర్లలో, ఆటోల్లో కుక్కి తీసుకుపోతారు చూడండి, మిరపకాయలు ఏరడానికి, నాట్లకు. 2018 ఏప్రిల్‌లో పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాలువలో పడింది, పోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ తర్వాత కొన్నాళ్లు ఆటోలను ఆపి జరిమానాలు వేశారు. ఏమైంది? మేస్త్రి ఆ జరిమానా కూలిలో కోసుకున్నాడు. ఆటోలో పద్నాలుగు మందికి బదులు పదహారు మందిని ఎక్కించాడు. పొద్దున ఆరు గంటలకు ఆ పొలాల దాకా బస్సు లేదు. చట్టం ఎవరి మీద పడిందో చూడండి. ఆమెకు ఎక్కకుండా ఉండే స్వేచ్ఛ ఉందా అసలు?

పాలమూరు_డ్రైవరన్న
అక్కా ఈ మాట మీద నా దగ్గర జవాబు లేదు. ఫ్రీ బస్సు వచ్చాక కూడా ఆ టైంకు ఆ ఊళ్లకు బస్సు ఉండదు, నిజం.

రిటైర్డ్_మాస్టారు
నాయనా, మీరంతా చలానా దగ్గరే ఆగిపోయారు. పోలీసు చేతిలో ఏ చట్టం ఉంది, దాన్ని ఎవరూ ఎందుకు ప్రశ్నించరు అన్నది పెద్ద ముచ్చట. నిజాం కాలంలో గస్తీ నిషాన్ 53 అని ఒక ఫర్మానా ఉండేది. నలుగురు చేరి సభ పెట్టుకోవాలంటే ముందు సర్కారు అనుమతి కావాలి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ, మరుసటి ఏడు మన దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన రెండోది, అన్నీ ఆ అనుమతుల గొడవ దాటుకుంటూ జరిగినవే. మా నాయన ఆ పేరు ఎత్తితేనే మండిపడేవాడు.

ఇప్పుడు పేపర్లో జిల్లా ఎడిషన్ తిప్పండి. 'జిల్లాలో నెల రోజులపాటు 30 పోలీస్ యాక్ట్ అమలు, అనుమతి లేకుండా సభలు, ర్యాలీలు నిషేధం' అని చిన్న వార్త ఉంటుంది. నెల అయిపోగానే మళ్లీ అదే వార్త. అది 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షన్, తెల్లవాళ్లు సిపాయీల తిరుగుబాటు అయ్యాక రాసుకున్నది. నిజాం పోయాడు, తెల్లవాడు పోయాడు, అనుమతి కాగితం మాత్రం పోలేదు. ఆ వార్త పక్కనే చిట్‌ఫండ్ ప్రకటన ఉంటుంది, మనం అది చదువుతాం.

లా_చదివినోడు
మాస్టారు గారు సరైన చోట పట్టుకున్నారు. ఇంకో ఉదాహరణ కలుపుతా. ఐటీ చట్టం 66-ఎ, ఫేస్‌బుక్‌లో ఏదో రాశావని పట్టుకుపోయే సెక్షన్. 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2021లో కూడా స్టేషన్లలో దాని కింద కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి కోర్టే నివ్వెరపోయింది. లేని చట్టం కింద కూడా కేసు పెట్టగలిగినవాళ్లకు, ఉన్న చట్టంలో లేని తాళం ఒక లెక్కా?

హోంగార్డు_కొడుకు
సార్, కానిస్టేబుల్‌కు 66-ఎ కొట్టేశారని ఎవరు చెప్తారు? నేను వెటకారం చేయడం లేదు. నిజంగా అడుగుతున్నా. మా నాన్న చేతికి ఏ సర్క్యులర్ తెలుగులో వచ్చింది లేదు.

నల్లమల_నడక
శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, పొద్దున ఆరుకు తీస్తారు. అడవి జంతువుల కోసం. అది కూడా తిరిగే స్వేచ్ఛకు అడ్డమే. కానీ మా అచ్చంపేట దిక్కు దాని మీద పెద్దగా లొల్లి వినపడదు. ఎందుకంటే గేటు కనబడుతుంది, టైం బోర్డు మీద ఉంది, మంత్రి కారుకైనా అదే గేటు. చెట్టు చాటు లేదు, బేరం లేదు.

పానగల్లు_పోరడు
మంత్రి కారుకు కూడానా? నమ్మమంటావా అన్నా

నల్లమల_నడక
సరే, మంత్రి సంగతి పక్కన పెట్టు. మనకైతే అదే గేటు.

పిల్లలమర్రి_నీడ
పెండింగ్ చలానాల మీద డిస్కౌంట్ల ముచ్చట ఎవరూ ఎత్తలేదేం? 2022 మార్చిలో టూ వీలర్‌కు 75 శాతం మాఫీ. 2023 డిసెంబర్‌లో మళ్లీ 80 శాతం మాఫీ, గడువు పొడిగించుకుంటూ పోయారు. ఏ రోజుది ఆ రోజు కట్టినోడు పిచ్చోడు, దాచిపెట్టుకున్నోడు తెలివైనోడు. నా ప్రాణం కోసమే జరిమానా అయితే నా ప్రాణానికి పండుగ ఆఫర్ ఏంది? దుకాణంలో పాత స్టాకు అమ్మినట్టు.

క్యాజువాల్టీ_సిస్టర్
ఈ ఒక్కదాంట్లో మీతో కలుస్తా. ఆ డిస్కౌంట్ బదులు ఐఎస్ఐ హెల్మెట్ సగం ధరకు ఇచ్చినా అయిపోయేది. రోడ్డు పక్కన రెండు వందలకు అమ్మేవి గట్టిగా నొక్కితే చేతిలోనే వంగుతాయి. చలానా తప్పించుకోవడానికి కొంటారు వాటిని.

స్కూటీ_టీచరమ్మ
పిల్లలకు చిన్న సైజు మన ఊళ్లలో దొరకదు కూడా. ఎంత తిరిగినా దొరకలేదు, ఆఖరికి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా.

కార్డన్_బాధితుడు
మా కాలనీలో ఒకసారి తెల్లవారుజామున కార్డన్ సర్చ్ అన్నారు. గల్లీ రెండు చివర్లా మూసేసి ఇల్లిల్లూ తిరిగారు. కాగితాలు లేవని బండ్లన్నీ లారీ ఎక్కించారు. కాగితాలు ఉన్నాయి, ఇంట్లో బీరువాలో, అమ్మ తాళం వేసుకొని ఊరికి పోయింది. మరునాడు మా కాలనీ మొత్తం స్టేషన్ ముందర లైను. పక్కన డాక్టర్ల కాలనీ ఉంది, అక్కడ ఏనాడూ కార్డన్ సర్చ్ జరగలేదు. వాళ్ల బండ్లకు కాగితాలు పుట్టుకతోనే ఉంటాయి కావచ్చు.

లా_చదివినోడు
ఫోన్లో డిజిలాకర్ గానీ ఎంపరివాహన్ గానీ ఉంటే ఆ కాగితాలు చెల్లుతాయి. మన ఆర్టీఏ ఎం-వాలెట్ 2016 నుంచే ఉంది. లేకపోతే తెచ్చి చూపించడానికి 15 రోజుల టైం ఇవ్వాలి, రూల్ 139. గల్లీలో గొడవ పడకండి, రాతపూర్వకంగా రసీదు అడగండి. రసీదు అడగగానే సగం గొంతులు తగ్గుతాయి.

ఏపీ24_పాతబండి
సార్ మీరు చెప్పిన ఫిర్యాదు తమ్మునితో పెట్టించినా. స్కూటీ ఫొటో, నా ఆర్సీ రెండూ పంపినం. హెల్మెట్ చలానా గురించి మాత్రం లొల్లి పెట్టను. ఇంట్లో సిస్టర్ రాసింది చదివి వినిపించిండు మా తమ్ముడు, మా ఆవిడ వింటుంటే. ఇక నా మాట నడవదు. కానీ తాళం సంగతి వదలను.

రిటైర్డ్_మాస్టారు
వదలకు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదాం. మండల స్థాయిలో ఐదు రూపాయలు, జిల్లా స్థాయిలో పది. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. తాళం తీసుకోమని ఏ ఉత్తర్వు ఉంది, దాని ప్రతి ఇవ్వండి అని ఒక ప్రశ్న. పోయిన ఏడాది ఏ నేరం కింద ఎన్ని చలానాలు వేశారో విడివిడిగా ఇంకో ప్రశ్న, రాంగ్ రూట్‌కు ఎన్ని, హెల్మెట్‌కు ఎన్ని అని. డ్రైవరన్న మాట అప్పుడు తేలుతుంది.

పాలమూరు_డ్రైవరన్న
లైటు లేని ట్రాక్టర్లవి కూడా అడగండి మాస్టారూ, వేరే గడి పెట్టి

పిల్లలమర్రి_నీడ
30 యాక్ట్ ఎన్ని నెలలు వరసగా పెట్టారు, ఏ కారణం రాశారు, అదీ అడగాలి.

లా_చదివినోడు
అది వేరే దరఖాస్తులో పెట్టండి. అన్నీ ఒకదాంట్లో కలిపితే ఒక్కదాన్ని సాకు చూపి మొత్తం తిప్పి పంపుతారు. 'ఎందుకు' అని ఎక్కడా రాయకండి, 'ఉత్తర్వు నకలు ఇవ్వగలరు' అని మాత్రమే రాయండి. డ్రాఫ్ట్ ఈ రాత్రికి ఇక్కడే పెడతా, ఎవరి జిల్లాది వాళ్లు పెట్టుకోండి.

హోంగార్డు_కొడుకు
సార్ అందులో ఇంకొక ప్రశ్న కలపండి. రోడ్డు డ్యూటీ సిబ్బందికి మోటారు వాహనాల చట్టం మీద శిక్షణ ఎప్పుడు ఇచ్చారు, ఎంతమందికి ఇచ్చారు అని. నా పేరు మీద వద్దు.

దేవరకొండ_కోడలు
నా పేరు మీద పెట్టు తమ్మీ, మా దాంట్లో కలుపుతా. పొద్దున ఆరు గంటల బస్సుల గురించి ఆర్టీసీకి ఎట్లా రాయాలో కూడా ఎవరైనా చెప్పండి.